నిత్యధారణ చాకు ఎంపిక సంఘం

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అమ్మల సంగతి ఎలా ఉన్నా, ఆఫీసుల దగ్గర అడక్కుండా ఉండడమే ఒంటికి మంచిదని గుత్తుల తాతబ్బాయికి యాభై ఏడో ఏట తెలిసింది. తెలిసే వేళకి అడిగేశాడు.

తాతబ్బాయి కొత్తగరువు ఉద్యాన క్షేత్రంలో అంటుకట్టే మాలి. మామిడి, సపోటా, జామ, ఏదైనా సరే అతని చేతిలో పడ్డ పుల్ల చావదని పేరు. ఆ పేరులో సగం వాటా అతని రొంటిన ఉండే మడత చాకుది. పదహారేళ్ళ కిందట మంగళవారం సంతలో కమ్మరి దగ్గర కొన్నాడు. విరిగిన రంపం బద్దతో చేసిన అలుగు, తుమ్మకర్ర పిడి. రోజూ పొద్దున్నే సానరాయి మీద నాలుగు రుద్దులు పడీ పడీ, రెండు వేళ్ళ వెడల్పున్న అలుగు కొబ్బరి ఈనెలా తయారైంది. ఆ వేసవిలో మొన కూడా విరిగింది.

మామూలు ఏడాదైతే ఆ మొండి చాకుతోనే నెట్టుకొచ్చేవాడు. కానీ ఆ ఏడు పానకాల మామిడికి ముంచుకొచ్చింది. తూర్పు కంచె దగ్గరున్న ఆ చెట్టు ఆ చుట్టుపక్కల నాలుగు మండలాల్లో అదొక్కటే. పండు మెత్తగా పిసికి, ముచ్చిక తీసి నోట పెట్టుకుంటే రసం మోచేతిదాకా కారుతుంది. తోలు పల్చన, గంపలో ఒక్కరోజు ఆగదు. అందుకని వ్యాపారులకి అక్కర్లేదు, అందుకని ఆఫీసు జాబితాలో లేదు, అందుకని దానికి అంటు కట్టమని ముప్ఫై ఏళ్ళలో ఎవరూ చెప్పలేదు. మృగశిర కార్తెలో వచ్చిన గాలివానకి ఒక పక్క వేళ్ళు లేచి చెట్టు కంచె మీదికి ఒరిగింది. తాతబ్బాయి వేళ్ళ కింద చెయ్యి పెట్టి చూశాడు. లోపలంతా చెద. శ్రావణ పౌర్ణమి దాటదని అతనికి తెలిసిపోయింది. ఈ లోగా పుల్లలు కోసి మొలకలకి కడితే రకం నిలుస్తుంది. లేకపోతే ఆ రుచి తనలాంటి ముసలాళ్ళ నాలుకలతోనే సరి. అతని తండ్రి కూడా అక్కడ మాలే. తండ్రి భుజాలెక్కి ఆ చెట్టు కాయ అందుకున్న రోజు తాతబ్బాయికి ఇంకా గుర్తుంది.

కొత్త చాకు సంతలో తొంభై రూపాయలన్నారు. పని ఆఫీసుది కదా, ఆఫీసే ఇప్పిస్తే బాగుంటుందనుకుని, పాత చాకు పట్టుకుని డైరెక్టరు విశ్వంభరం గారి గదిలోకి వెళ్ళాడు. ఇక్కడే గ్రహచారం అడ్డం తిరిగింది.

విశ్వంభరం గారు ఆ ముందురోజే పట్నంలో ఐదు రోజుల శిక్షణ ముగించుకుని వచ్చారు. అక్కడ ఆయన రెండు విషయాలు నేర్చుకున్నారు. ఒకటి, సంస్థలో ప్రతి వస్తువుకీ ఒక ప్రమాణం ఉండాలని పాఠంలో చెప్పారు. రెండోది పాఠంలో చెప్పింది కాదు. పక్క కుర్చీలో కూర్చున్న మనిషి తన ఫోనులో చూపించాడు: విదేశాల్లో పెద్దపెద్దవాళ్ళు తమ జేబుల్లోంచి చాకులు తీసి బల్ల మీద వరసగా పేర్చి, గంటలకొద్దీ వాటి గుణగణాలు వర్ణిస్తున్నారు. రోజూ జేబులో పెట్టుకునే చాకు అక్కడ ఒక శాస్త్రమట. ఐదు రాత్రులూ ఆయనకి కంటిమీద కునుకు లేదు.

"ఏ స్టీలు ఇది?" అన్నారు డైరెక్టరు గారు, పాత చాకుని రెండు వేళ్ళతో పైకెత్తి.

"రంపంబద్దండి."

"లాకింగ్ సిస్టం ఏది?"

తాతబ్బాయి కాసేపు ఆలోచించి, "మడిస్తే మూసుకుంటదండి, లాగితే వస్తదండి" అన్నాడు.

"అంటే లేదన్నమాట. బ్రాండు లేదు, లాకు లేదు, సీరియల్ నంబరు లేదు. పదహారేళ్ళుగా దీన్ని ప్రభుత్వ ఆవరణలో తిప్పుతున్నావా?"

"రొంటినే ఉంటదండి. ఎక్కడికీ తిరగదండి."

సాయంత్రానికల్లా నోటీసుబోర్డు మీద సర్క్యులరు వెలిసింది. "క్షేత్రస్థాయి సిబ్బంది తమతమ అభిరుచుల ననుసరించి, ఎట్టి ప్రామాణికతయు లేని ఛేదన పరికరములను ధరించి సంచరించుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. సర్వసిబ్బందికి అందుబాటు ధరలో నిత్యధారణయోగ్యమగు జేబు చాకును ఎంపిక చేయుటకై ఐదుగురు సభ్యులతో సంఘము నియమించడమైనది. ఎంపిక పూర్తియగు పర్యంతము కంచె లోపల ఎవ్వరునూ, ఎట్టి చాకునూ, శరీరమందలి ఎట్టి భాగమునందునూ ధరించరాదు."

తాతబ్బాయి పాత చాకుని గోధుమరంగు కవరులో పెట్టి, లక్కముద్ర వేసి, బీరువాలో పెట్టారు. క్యాంటీనులోని రెండు కూరగాయల కత్తులూ, కొబ్బరికోరూ, గుమాస్తాలు పెన్సిళ్ళు చెక్కే బ్లేళ్ళూ అదే బీరువాలోకి వెళ్ళాయి. గేటు దగ్గర వాచ్‌మన్ రొంటి తడిమి గానీ ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు. గోటితో పోయేదానికి గొడ్డలంటారు గానీ, ఇక్కడ గొడ్డలి కూడా ఆ బీరువాలోకే పోయింది.

సంఘం మొదటి సమావేశానికి తాతబ్బాయిని వినియోగదారుల ప్రతినిధిగా పిలిచి గుమ్మం పక్కన నిలబెట్టారు. ఆ రోజు అజెండా మాటల అర్థాలు తేల్చడం. 'నిత్యం' అంటే ఆదివారం కూడా కలుస్తుందా అన్నదానికి గంట పట్టింది. కలుస్తుందని, సెలవురోజున ఇంట్లో చాకు ధరించినట్టు సోమవారం సంతకం చేయాలని తేలింది. 'అందుబాటు ధర' దగ్గర చిక్కుపడింది. ధర తక్కువైతే నాణ్యత మీద అనుమానం, ఎక్కువైతే అందుబాటు మీద అనుమానం.

"తొంభై రూపాయలకి సంతలో దొరుకుతదండి" అన్నాడు తాతబ్బాయి ఉండబట్టలేక.

సభ్యులు నవ్వారు. "తొంభై రూపాయల చాకుకి సంఘం ఎందుకయ్యా?" అన్నారు డైరెక్టరు గారు. ఆ ప్రశ్న తాతబ్బాయి మనసులోనూ ఉంది గానీ, అతను అడగలేదు. అడగడం గురించి అప్పటికే ఒక పాఠం అయింది.

'ధారణ' దగ్గరికి వచ్చేసరికి స్టోర్సు గుమాస్తా సోమయాజులు గారు అతని లుంగీ వంక చూసి గొంతు సవరించుకున్నారు. ముప్ఫై మూడేళ్ళ సర్వీసున్న మనిషి. ఆడిట్ అభ్యంతరాలన్నీ ఆయనకి అష్టోత్తరంలా నోటికి వచ్చు.

"మనం ఇచ్చేది జేబు చాకు కదండీ. ఇతనికి జేబేదీ?"

మర్నాడు సర్వే చేయించారు. నలభై ఆరుగురు తోటపనివాళ్ళలో మగవాళ్ళు లుంగీల్లో ఉన్నారు, ఆడవాళ్ళు చీరల్లో ఉన్నారు. జేబులన్నీ ఆఫీసు గదుల్లో ఉన్నాయి. కాబట్టి చాకు అవసరమున్నవాళ్ళలో ఒక్కరూ దానికి అర్హులు కారు. అర్హులైన పదకొండుమందిలో ఒక్కరికీ దాంతో పని లేదు. ముందు జేబులు సమకూర్చాలని, దానికో ఉపసంఘం వేయాలని తీర్మానించారు. ఆలూ లేదు చూలూ లేదు గానీ సోమలింగానికి నిక్కరు కొలతలు తీసుకున్నారు. దర్జీ వచ్చి తాతబ్బాయి నడుము చుట్టూ టేపు బిగించి, "చాకు పొడుగెంతో చెబితే జేబు లోతు కుడతానండి" అన్నాడు. జేబు లోతు తెలిస్తే చాకు పొడుగు నిర్ణయిస్తామని సంఘం జవాబిచ్చింది.

ఆషాఢం వచ్చేసింది. పానకాల మామిడి రోజుకో గుప్పెడు ఆకు రాలుస్తోంది. తాతబ్బాయి పొద్దున్నా సాయంత్రం దాని దగ్గరికి వెళ్ళి, ఒరిగిన వైపు వెదురు పోట్లు పెట్టి వచ్చేవాడు. కొమ్మల చివర్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. సరిగ్గా కోతకొచ్చిన పుల్లలు. లోపల చాకు లేదు, ఇంటికి పట్టుకెళ్ళి కడదామంటే పుల్ల కంచె దాటితే దొంగతనం కింద రాస్తారు. చూసినప్పుడల్లా అతని కుడిచెయ్యి దానంతటదే రొంటికి పోయేది.

ఆషాఢంలోనే నమూనాలు వచ్చాయి. మెరుస్తున్న ఆరు చాకులు మఖమల్ గుడ్డ మీద పరిచారు. డైరెక్టరు గారి ముఖం చూడాలి, పెళ్ళిచూపుల్లో ఆరుగురు అమ్మాయిలూ నచ్చినవాడిలా ఉంది.

"సోమయాజులూ, ఆ మూడోది ఇలా ఇవ్వండి."

సోమయాజులు గారు మూడో చాకు తీసి బల్ల మీద పెట్టారు.

"చేతికివ్వండి."

"కత్తి చేతికివ్వకూడదండి. తగువులొస్తాయి."

"అప్పగింత చేతి నుంచి చేతికి జరగాలని నిబంధన ఉందయ్యా! కింద పెట్టేస్తే అది ఎవరి అధీనంలో ఉన్నట్టు?"

"మన్నించాలండి. ముప్ఫై మూడేళ్ళుగా ఈ చేత్తో ఎవరికీ కత్తివ్వలేదు. ఎవరితోనూ తగువు పడలేదు."

ఆ మాట మీదే తగువు మొదలై ముప్పావుగంట సాగింది. చివరికి మినిట్సులో ఇలా రాశారు: "ఇచ్చువారు చాకును బల్లపై ఉంచవలెను. పుచ్చుకొనువారు బల్లపై నుండి గ్రహించవలెను. మధ్యకాలమందు చాకు బల్ల అధీనములో ఉన్నట్లు భావించవలెను." బల్లకి ఒక నంబరు వేసి, కాలి మీద రంగుతో రాయించారు.

తర్వాత పరీక్ష. దేన్నయినా కోసి చూస్తే నమూనా వాడినట్టవుతుంది, వాడిన నమూనా వెనక్కి తీసుకోరు. కాబట్టి కోయకుండా పరీక్షించారు. తూకం వేశారు, రంగు చూశారు, తెరిచినప్పుడు వచ్చే 'టిక్' అనే చప్పుడు కళ్ళు మూసుకుని విన్నారు. డైరెక్టరు గారు బొటనవేలితో తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం చేస్తూ సాయంత్రం దాకా గడిపారు. ఆ చప్పుడు వరండాలో నిలబడ్డ తాతబ్బాయి పంటినరాల్లోకి పోయింది.

"వినియోగదారుడి అభిప్రాయం ఏమిటి?" అన్నారు ఆఖరికి.

తాతబ్బాయి లోపలికొచ్చి, బల్ల మీంచి ఒక చాకు తీసుకుని అలుగు మీద బొటనవేలు అడ్డంగా ఆనించాడు. "బానే ఉందండి. పదును నాలుగు రోజులుంటదండి. మరి సానరాయి కూడా ఇప్పిస్తారాండి?"

"సానరాయి ఎందుకు?"

"రోజూ రుద్దుకోవాలి కదండి. పదును లేని చాకుతో పుల్ల కోస్తే బెరడు నలిగిపోద్దండి. నలిగితే కుళ్ళిపోద్దండి."

సోమయాజులు గారి ముఖం పాలిపోయింది. "రుద్దితే అరగదుటోయ్?"

"అరుగుద్దండి. అరిగితేనే పదునండి."

"అదేనండీ నా భయం," అంటూ ఆయన డైరెక్టరు వైపు తిరిగారు. "పన్నెండేళ్ళ కిందట ఒక గునపం స్టాకు తనిఖీలో అంగుళమున్నర తక్కువొచ్చింది. తవ్వితే అరిగిందని చెబితే ఆడిటువాళ్ళు ఒప్పుకోలేదు. ప్రభుత్వపు ఇనుము అంగుళమున్నర ఎవరి ఇంటికి వెళ్ళిందని అడిగారు. మాలి జీతంలో కోశారు. ఇప్పుడు నలభై ఆరు చాకులు, రోజూ నాలుగు రుద్దులు! సంవత్సరాంతానికి ఎంత ఇనుము మాయమవుతుందో లెక్క కట్టండి."

సంఘం లెక్క కట్టి నిర్ఘాంతపోయింది. సాన పెడితే ప్రభుత్వ ఆస్తికి నష్టం. కాబట్టి సాన పెట్టరాదు. సాన పెట్టకుండా ఉండాలంటే పదును పోకూడదు. పదును పోకుండా ఉండాలంటే దేన్నీ కోయకూడదు.

డైరెక్టరు గారి ముఖం మాత్రం వెలిగిపోయింది. "ఇందులో ఇబ్బందేముంది? పథకం పేరు మళ్ళీ చదవండి. నిత్యధారణ! నిత్యఛేదన అని మనం ఎక్కడా అనలేదు. ధరించడం వేరు, వాడడం వేరు. ధరించినవాడిలో ఒక క్రమశిక్షణ వస్తుంది. అదీ ముఖ్యం."

సభ్యులు బల్ల చరిచారు. నంబరు వేసిన బల్లే.

ఆ మధ్యాహ్నం తాతబ్బాయి క్యాంటీనులో అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. ఎదురుగా వంటావిడ పైడమ్మ కత్తిపీట మీద కూర్చుని రేపటి పులుసుకి ములక్కాడలు తరుగుతోంది. మాటల్లో ఉండగానే కాడని కాస్త వాలుగా తిప్పింది. తెగిన ముఖం ఏటవాలుగా, అద్దంలా వచ్చింది.

తాతబ్బాయి అన్నం అంటిన చేత్తోనే లేచాడు. "పైడమ్మా, ఇది పట్టుకుపోలేదేటి బీరువాలోకి?"

"దీన్నెందుకు తీసుకెళ్తారన్నయ్యా? ఇది చాకుల్లో లేదంట. పుస్తకంలో ముక్కాలిపీటల కింద రాసుందంట. మొన్న వాచ్‌మన్ ఎత్తుకెళ్తుంటే సోమయాజులు గారే ఆపేరు. బల్లలూ కుర్చీలూ కదపాలంటే వేరే కాయితం ఉండాలన్నారు."

తాతబ్బాయి ముప్ఫై ఏళ్ళుగా చాకుని పుల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు గానీ, పుల్లని కత్తి దగ్గరికి తేవచ్చని అతనికి ఎప్పుడూ తోచలేదు.

క్యాంటీను వెనక దిబ్బ ఉంది. వేసవంతా ఆఫీసరు బాబులు చప్పరించి పారేసిన టెంకలు వానకి మొలకెత్తి, రాగి రంగు లేతాకులతో జానెడేసి లేచి ఉన్నాయి. తాతబ్బాయి తొంభై మొలకలు టెంకతో సహా మెల్లగా పెల్లగించాడు. పానకాల మామిడి ఎక్కి కోతకొచ్చిన పుల్లలు చేత్తో విరిచి తెచ్చాడు. క్యాంటీను వరండాలో పట్టపగలే పని మొదలైంది. మొదటి పది పుల్లలూ పాడయ్యాయి. అతని చెయ్యి అలుగుని కదిలించడానికి అలవాటుపడింది, పుల్లని కాదు.

"నువ్వు లే అన్నయ్యా," అంది పైడమ్మ. "బెండకాయ ఏనాడైనా తరిగేవా? ఎంత ఏటవాలు కావాలో చెప్పు, అంతే."

ఆవిడ పుల్ల చివర రెండు వైపులా చీలికలా చెక్కి ఇస్తుంటే, మొలక తల తుంచి నడిమికి చీల్చి ఇస్తుంటే, అతను పుల్లని చీలికలో దించి ప్లాస్టిక్ పట్టీతో కట్టి, మట్టి సంచిలో నాటాడు. మూడు మధ్యాహ్నాలు పట్టింది. రెండో రోజు డైరెక్టరు గారు చేతిలో నమూనా చాకు టిక్కుటిక్కుమనిపిస్తూ అటు వచ్చారు.

"ఏం చేస్తున్నారు?"

"పుల్లలు తరుగుతున్నామండి," అంది పైడమ్మ తలెత్తకుండా.

ఆయన కత్తిపీటని పైనుంచి కిందికి చూశారు. సర్క్యులరులో దాని ప్రస్తావన లేదు. జేబులో పట్టదు, మడవదు, లాకు లేదు. ధరించే ప్రసక్తే లేదు. "సరే, కానివ్వండి" అని వెళ్ళిపోయారు.

శ్రావణ పౌర్ణమికి ఇంకా మూడు రోజులుందనగా, గాలీ వానా ఏమీ లేకుండా, పానకాల మామిడి మధ్యాహ్నంపూట కూలిపోయింది. తాతబ్బాయి దాని మొదలు మీద కూర్చుని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అతన్ని ఎవరూ ఓదార్చలేదు. పైడమ్మ మటుకు వచ్చి, "లేచి రా అన్నయ్యా, చూద్దువుగాని" అని వరండాలోకి లాక్కుపోయింది. తొంభైలో అరవై మూడు పుల్లలు చిగురేశాయి.

ఆ అరవై మూడింటినీ అంటు మొక్కల రిజిస్టరులో ఎక్కించాలని అతను సోమయాజులు గారి దగ్గరికి వెళ్ళాడు. కొత్త రిజిస్టరులో కొత్త గడి ఉంది: ఉపయోగించిన చాకు క్రమసంఖ్య.

"ఏ చాకుతో కట్టావోయ్?"

"చాకు లేదండి. కత్తిపీటండి."

"కత్తిపీట నంబరు ఇక్కడ రాస్తే ముక్కాలిపీటతో అంటు కట్టినట్టవుతుంది. నన్ను ఇంటికి పంపుతారు." ఆయన నిజంగానే బాధపడుతూ ఫైలు పైకి పంపారు. రెండు రోజుల్లో జవాబు వచ్చింది: "చాకు లేనిదే అంటు లేదు. అంటు కానిచో సదరు మొక్కలు దిబ్బపై తమంతట తాము మొలచినవిగా, అనగా కలుపుగా పరిగణించి, తక్షణము కంచె బయట పారవేయవలెను."

తాతబ్బాయి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత సర్వీసులో ఏ ఆర్డరునీ అమలు చేయనంత శ్రద్ధగా దాన్ని అమలు చేశాడు. అరవై మూడు మొక్కలనీ ఒక్కొక్కటే రెండు చేతులతో ఎత్తి కంచె బయట పెట్టాడు. అవతల పైడమ్మా, ఆమె పేటలోని ఆడవాళ్ళూ తట్టలతో నిలబడ్డారు.

నాలుగేళ్ళు గడిచాయి. తాతబ్బాయి రిటైరయ్యాడు. సంఘం మటుకు కాలేదు. ఐదుగురు పదకొండుమంది అయ్యారు. చాకు ఎంపిక పద్ధతి మీద వాళ్ళు రాసిన నివేదికకి పట్నంలో జ్ఞాపిక ఇచ్చారు. పానకాల మామిడి ఉన్నచోట గచ్చు చేసి, ఆ జ్ఞాపికని అద్దాలపెట్టెలో అక్కడే నిలబెట్టారు.

జ్యేష్ఠమాసంలో ఒకరోజు తాతబ్బాయి బుట్టనిండా పండ్లు పట్టుకుని సమావేశం గది గుమ్మంలో నిలబడ్డాడు. వాసనకి పదకొండు తలలూ తిరిగాయి.

"ఏ రకం ఇది?" అన్నారు విశ్వంభరం గారు.

"పానకాలండి. మా పెరట్లో ఇదే తొలి కాపండి."

డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచారు. ఆ రకం అంతరించిన జాబితాలో ఉందనీ, ఎక్కడున్నా వెదికి నూరు మొక్కలు తయారు చేయమనీ పైనుంచి మూడు ఉత్తరాలు వచ్చి ఉన్నాయి. పండు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూశారు. "చాకు... ఎవరి దగ్గరైనా చాకు ఉందా?"

పదకొండుమందీ జేబులు తడుముకున్నారు. చాకుల సంఘం గదిలో చాకు లేదు. నమూనాలు ముద్రవేసిన పెట్టెలో ఉన్నాయి.

"ఇది రసమండి. దీనికి చాకెందుకండి?" అని తాతబ్బాయి పండు పిసికి చూపించాడు.

కాసేపు ఆ గదిలో జుర్రుకునే చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. రసం మోచేతుల మీదుగా మినిట్సు పుస్తకం మీదికి కారింది. సోమయాజులు గారు కళ్ళు మూసుకుని టెంకని చివరిపీచు దాకా చప్పరించి, "ఎన్నాళ్ళయిందోయ్" అన్నారు.

డైరెక్టరు గారు మోచెయ్యి తుడుచుకుని, "తాతబ్బాయ్, మాకో నూరు మొక్కలు కట్టిపెట్టు. మనిషికి రోజుకూలీ ఇప్పిస్తాను" అన్నారు.

"ఆయ్, కడతానండి. ఇక్కడ కట్టడానికి చాకొచ్చిందాండి?"

"తుది దశలో ఉంది."

"పోనీ కత్తిపీటండి?"

సోమయాజులు గారు నేల చూపులు చూశారు. "పోయినేడు విరిగిన కుర్చీలతో కలిపి వేలం వేశాం కదటోయ్. పైడమ్మే పాడుకుంది."

తాతబ్బాయి తలూపాడు. ఇంటి దగ్గర అంటుకి మొలకలవుతాయని, పదకొండు పళ్ళేల్లోని టెంకలూ ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేసుకున్నాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు, తిని పారేసిన టెంకలకి రిజిస్టరు లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ అలవాటు ప్రకారం అతని రొంటి తడిమి, బుట్టలోకి తొంగి చూశాడు.

"చాకేమీ లేదు గదా?"

"టెంకలే బాబూ."

"అయితే వెళ్ళు," అన్నాడు వాచ్‌మన్.